బస్సెక్కేవాళ్లను చూసే మనిషి

దరఖాస్తు ఫారంలో నాలుగో ప్రశ్న దగ్గర వారం రోజులుగా ఆగిపోయి ఉన్నాను. డిగ్రీలో ఈ సబ్జెక్టునే ఎందుకు ఎంచుకున్నారు, ఐదు వందల పదాలు మించకుండా రాయండి అన్నారు. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకి వెళ్లాలనుకునే వాళ్లందరినీ అడిగే మామూలు ప్రశ్నే. దానికి అందరూ రాసే మామూలు జవాబులు కూడా ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ మనిషి శరీరమంటే ఆసక్తి, మా తాతగారికి జబ్బు చేసినప్పుడు నిర్ణయించుకున్నాను, అలాంటివి. నేనూ రెండుసార్లు అలాగే రాసి కొట్టేశాను. మా తాతగారు ఈ రోజుకీ గుండ్రాయిలా ఉన్నారు, ఆయన మీద అబద్ధం రాయడానికి మనసొప్పలేదు. నిజం రాయాలంటే ఒక బస్సు డ్రైవరు గురించి రాయాలి. ఆయన ఐదు వందల పదాల్లో ఇమడడు. అందుకే ఫారం పక్కన పెట్టి, ఎవరికీ పంపక్కర్లేని ఈ కాగితం ముందేసుకున్నాను.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్లు క్యాంపులోనూ తక్కువే, అన్నా అనేవాళ్లు. గల్ఫులోని ముసఫ్ఫాలో మా నాన్న కూలీల క్యాంపు ఇన్‌చార్జిగా ఉన్న కంపెనీలో పందొమ్మిదేళ్లు బస్సు నడిపాడు. పొద్దున మనుషుల్ని సైటుకి తీసుకెళ్లడం, సాయంత్రం మళ్లీ తెచ్చి క్యాంపులో దింపడం, అదే పని. జగిత్యాల దిక్కు మనిషి. సన్నగా, పొడుగ్గా, మెడకి ఎండాకాలంలో కూడా మఫ్లరు. ఏసీ గాలి నేరుగా మెడకే కొడుతుందని చెప్పేవాడు. ఎదురొచ్చే బస్సు డ్రైవరుకి చెయ్యెత్తి సలాం పెట్టడు, స్టీరింగు మీంచి చూపుడు వేలొక్కటి లేపుతాడు. ఫ్లాస్కు మూతలో సులేమానీ పోసుకుని, అది పూర్తిగా చల్లారిపోయాక ఒక్క గుక్కలో తాగుతాడు. చల్లారిన టీ ఏం బాగుంటుందని ఒకసారి అడిగితే, "బాగుంటదని ఎవలన్నరు? చేతిల గిలాస ఉంటె మనుషులు సప్పుడు చెయ్యకుంట ఎక్కుతరు" అన్నాడు. ఆ జవాబుకి అర్థం ఏమిటో తర్వాత తెలిసింది.

ఆయన బస్సులో కంపెనీ వాళ్లు బిగించిన అద్దాలు కాక ఇంకో అద్దం ఉండేది. గడ్డం గీసుకునే చిన్న గుండ్రటి అద్దం. దాన్ని ముందు తలుపు పక్కన కరెంటు టేపుతో కట్టి, మెట్ల వైపుకి వంచి పెట్టుకున్నాడు. సేఫ్టీ ఆఫీసరు చూసినప్పుడల్లా పీకేయించేవాడు. అతను వెళ్లగానే ఈయన మళ్లీ అక్కడే కట్టేవాడు. మెట్ల అంచులకి పసుపు రంగు కూడా తనే వేసుకున్నాడు, అదీ ఏడాదికి రెండుసార్లు. ఎందుకంటే కాళ్లు స్పష్టంగా కనబడాలట.

నేను ఆయన్ని మొదట చూసింది ఇరవై ఒకటిలో, క్యాంపులో అందరికీ కరోనా టీకాలు వేస్తున్న రోజుల్లో. నాది పన్నెండో తరగతి. పరీక్షలు రాయకుండానే పాసైపోయిన బ్యాచ్ మాదే, ఆ వెక్కిరింపు ఇప్పటికీ పడుతూనే ఉన్నాం. ఇంట్లో రోజంతా ఫోనులో తల దూర్చి కూర్చుంటోందని నాన్న నన్ను వెంటబెట్టుకుపోయి ఒక బల్ల ముందు కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ల లేబర్ కార్డు నంబరు రాసుకుని, జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నాయా అని అడిగి టిక్కు పెట్టడం నా పని. అందరిదీ ఒకటే జవాబు, మంచిగున్న. నీలం చొక్కా వేసుకున్న ఒకతను కూడా నేను అడక్కముందే మంచిగున్న అన్నాడు. అంతలో ఎవరో పొడుగాటి మనిషి వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు.

"బిడ్డా, ఆ నీలి అంగోన్ని ముందుగాల నర్సు దగ్గరికి తోలు. సూది ఎనక."

"ఏమీ లేదన్నాడంకుల్."

"నోటితోని అందరు ఏం లేదనే అంటరు. కాళ్లకు గంత తెలివి లేదు. వాడు రోజు ఒక్క చెయ్యి గూడ పట్టకుంట బస్సెక్కేటోడు, ఇయ్యాల రెండు చేతుల్తోటి పట్టుకొని ఎక్కిండు."

నర్సు చూస్తే జ్వరం నూట మూడు. ఆ నీలం చొక్కా అతను మా ఇద్దరి వైపూ దొంగతనం బయటపడ్డట్టు చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. అక్కడ 'అన్‌ఫిట్' అనే మాటకి ఉన్న భయం సంగతి నాన్న ఆ రాత్రి ఇంటికెళ్లాక చెప్పాడు. రోగం ఉందని తెలిస్తే ఇంటికి పంపేస్తారని క్యాంపులో చాలామంది నమ్మకం. పంపేసిన సందర్భాలూ లేకపోలేదు. అందుకే జ్వరాన్నీ నొప్పినీ లోపలే అణచుకుని, ఒకడికి పనిచేసిన గోలీ ఇంకొకడు మింగి, పనికి పోతుంటారు. ఆ బస్సు డ్రైవరు మాత్రం ఎవరి గురించీ ఆఫీసుకి చెప్పడు. బస్సులో తన పక్కన ఒంటి సీటు ఒకటి ఉంది. ఎక్కేవాళ్లలో ఎవడి మీదైనా అనుమానం వస్తే, "ఇగో, నువ్విక్కడ కూసో" అంటాడు. అంతే. అందర్నీ దింపేశాక అతనొక్కణ్ణీ క్లినిక్కు దగ్గర దింపుతాడు. ఆలస్యమెందుకైందని ఫోర్‌మన్ అడిగితే బండి గరమైంది, ఆగిన అంటాడు. పందొమ్మిదేళ్లలో ఆ బండి ఎన్నిసార్లు గరమైందో లెక్కేస్తే కంపెనీ దాన్ని ఎప్పుడో తుక్కు కింద అమ్మేయాల్సింది.

ఇవేవీ తెలియని నేను, ఆ సాయంత్రం ఇంటికెళ్లడానికి బస్సెక్కి, ఖాళీగా ఉంది కదా అని నేరుగా వెళ్లి ఆ ఒంటి సీట్లోనే కూర్చున్నాను. వెనక సీట్లలో ఉన్న పదిమందీ మాటలాపేశారు. ఒక ముసలాయనైతే అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాడు. డ్రైవరు మెల్లగా నవ్వి, "ఏం కాలేదురా, సదువుల బిడ్డ. తెల్వక కూసున్నది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అంకులంటె నన్ను గాదనుకుంట బిడ్డా. మీ నాయిన కన్న చిన్నోన్ని, కాకా అను" అన్నాడు. ఆ రోజు నుంచి కాకా అన్నాను.

టీకాల పని మూడు వారాలు సాగింది. రోజూ సాయంత్రం నన్నూ నాన్ననీ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా ఇంటి దగ్గర దింపి వెళ్లేవాడు. ఇరవై నిమిషాల దారి. ఆ ఇరవై నిమిషాల్లోనే నా చదువు గొడవంతా ఆయన చెవిన పడింది.

గొడవ ఇదీ. నేను ఫిజీషియన్ అసిస్టెంట్, పొట్టిగా పీఏ, అవ్వాలనుకున్నాను. డాక్టరు పక్కనే ఉండి రోగిని చూసి, పరీక్షించి, మందులు రాసే పని. ఆ కోర్సు డిగ్రీ తర్వాత చెయ్యాలి, బయటి దేశాలకి వెళ్లి చెయ్యాలి. డిగ్రీలో ఏ సబ్జెక్టు తీసుకున్నా ఫరవాలేదు, అనాటమీ, కెమిస్ట్రీ లాంటి ఏడెనిమిది పాఠాలు మాత్రం తప్పకుండా చదివి ఉండాలి అని వాళ్ల నిబంధన. ఏదైనా ఫరవాలేదు అన్నప్పుడు మనవాళ్ల ఇళ్లలో ఏమవుతుందో మీకు తెలుసు. నాన్న బయాలజీ అన్నాడు. అమ్మ నర్సింగ్ అంది, పీఏ సీటు రాకపోయినా ఉద్యోగం ఉంటుందని. కాకినాడ నుంచి మేనత్త ఫోనులో బయోటెక్నాలజీ అంది, అదేమిటో ఆవిడకి తెలియదు, పక్కింటివాళ్ల అమ్మాయి చదువుతోంది. నేనేమో కోర్సుల జాబితాలన్నీ ప్రింటు తీసి, రంగు పెన్నులతో గీతలు గీసి, బస్సులో కూడా అవే ముందేసుకుని కూర్చునేదాన్ని.

"ఏందవి?" అన్నాడు ఒక రోజు సిగ్నలు దగ్గర.

చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. సిగ్నలు మారింది, రెండు రౌండెబౌట్లు దాటాం.

"ఆ సదువుల మనిషిని సూసుడు ఎప్పుడు షురువైతది?"

నేను బయాలజీ జాబితా చూశాను. మొదటి ఏడాది కణాలు, మొక్కలు. రెండో ఏడాది సూక్ష్మజీవులు, జన్యువులు. మూడో ఏడాదిలో కప్ప ఉంది. మనిషి ఎక్కడా లేడు. నాన్నకి వినపడకుండా, "ఇందులో లేదు కాకా, ఇది అయ్యాకే" అన్నాను.

"నాలుగేండ్లు మనిషిని సూడకుంట ఉంటె కన్ను మొద్దువారదా?"

ఆ రాత్రి జాబితాల్లో అట్టడుగున, నేను ఒక్క గీతా గీయకుండా వదిలేసినది బయటికి తీశాను. కైనీషియాలజీ. మనిషి ఎలా నడుస్తాడు, ఎలా కూర్చుని లేస్తాడు, ఆ కదలిక ఎక్కడ, ఎందుకు చెడుతుంది, అదంతా చదివే శాస్త్రం. మొదటి సెమిస్టరులోనే నడక ఉంది. మర్నాడు ఇంట్లో ఆ మాట ఎత్తగానే అమ్మ నవ్వింది. "డ్రిల్లు మేష్టారి కోర్సా? మెళ్లో విజిల్ వేసుకుంటావా?" అంది. నాన్న నవ్వలేదు. మూడో రోజున, "డాక్టర్ల పక్కన నిలబడాలనుకునే దానివి, ఆటల పాఠాలు చదువుతానంటే వినేవాళ్లు ఏమంటారు? బయాలజీకి ఫారం నింపు, ఖలాస్" అన్నాడు. ఖలాస్ అని నాన్న క్యాంపులో అంటాడు గానీ ఇంట్లో ఎప్పుడూ అనలేదు. నేను ఏడ్చాను. ఫారం నింపడం కూడా మొదలుపెట్టాను.

ఆ మాటని తిప్పింది కాకే. అయితే నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. క్యాంపు ఇన్‌చార్జికి డ్రైవరు వచ్చి కూతుర్ని ఏం చదివించాలో చెప్పడం అక్కడ జరిగే పని కాదు. జూన్‌లో ఒక సాయంత్రం మేం బస్సెక్కి కూర్చున్నాక ఆయన బండి కదిలించలేదు. సీటు నుంచి వెనక్కి తిరిగి, మఫ్లరు సర్దుకుంటూ అన్నాడు.

"సార్, ఒక మాట. కోపం చెయ్యద్దు."

"చెప్పు భాయ్."

"మీ ఎడమ కాలు చెప్పు కింద మెట్టు మీదనే ఊడిపోయింది. మీరు ఉత్త కాలుతోటే లోపలికొచ్చి కూసున్నరు. మీకు తెల్వలే."

నాన్న కాలు చూసుకున్నాడు. నిజమే, ఒక్క కాలికే చెప్పుంది. నేను నవ్వాను. కాకా నవ్వలేదు.

"ఇది రెండోసారి సార్. పోయిన వారం గూడ గిట్లనే అయింది, నేనే తెచ్చి మీ కాళ్ల కాడ పెట్టిన. కాలిన రేకు అది, ఉత్త కాలు పెడితె సుర్రు మనాలె. మీకు అనలే. జర షక్కర్ సూపిచ్చుకోండ్రి."

నాన్న ముఖం ఎర్రబడింది. కానీ మర్నాడు వెళ్లి చూపించుకున్నాడు. షుగరు నాలుగు వందలు దాటి ఉంది. అరికాళ్లలో స్పర్శ అప్పటికే సగం పోయింది, ఇంకో ఏడాది ఇలాగే వదిలేస్తే వేళ్లు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు అన్నాడు. ఇంట్లో నేను, అమ్మ, ఇద్దరం ఉన్నాం. రోజూ మా కళ్ల ముందే తిరిగే మనిషి. మాకు తెలియలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున నాన్న సోఫాలో కూర్చుని, కాళ్లు చాపి, వాటినే చూసుకుంటూ చాలాసేపు ఉన్నాడు. తర్వాత, "ఆ నడకల కోర్సు ఫారం ఎక్కడుందమ్మా?" అన్నాడు.

అలా నేను కైనీషియాలజీలో చేరాను. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ పాఠాలకి విడిగా ఫీజు కట్టి చేరాను. కాకాకి స్వీటు డబ్బా పట్టుకెళ్తే, ఒక్కటి తీసుకుని మిగతాది బస్సంతా తిప్పాడు. "మా బిడ్డకు సీటొచ్చింది" అని ప్రతి ఒక్కడికీ చెప్పాడు. ఏం సీటని ఎవడో అడిగితే, "మనుషుల్ని సూసేది" అన్నాడు.

ఆ తర్వాత మూడేళ్లు నాకు యూనివర్సిటీలో ఒక పరీక్ష, బస్సులో ఒక పరీక్ష. సెలవు దొరికినప్పుడల్లా సాయంత్రం నాన్నతో సైటు గేటు దాకా వెళ్లి, డ్రైవరు వెనక సీట్లో కూర్చునేదాన్ని. ఆయన ఎవరినీ పేరుతో గుర్తుపెట్టుకోడు. ఎడమ కాలోడు, రెండు మెట్లోడు, గుంజుకొని ఎక్కెటోడు, ఇలా. చేతిలో సులేమానీ మూత పట్టుకుని ఎటో చూస్తున్నట్టు ఉంటాడు, చూపు మాత్రం ఆ గుండ్రటి అద్దంలో ఉంటుంది. చూస్తున్నాడని తెలిస్తే మనుషులు సర్దుకుని ఎక్కుతారు కదా, చల్లారిన టీ సంగతి అదీ.

"ఏం సూసినవ్?" అనేవాడు అందరూ ఎక్కాక.

"అందరూ అలిసిపోయారు కాకా."

"గది గుడ్డోడు గూడ చెప్తడు. అలిసినోడు ఎట్ల ఎక్కుతడు, రోగమున్నోడు ఎట్ల ఎక్కుతడు?"

నేను పుస్తకంలో చదివినవి చెప్పేదాన్ని, కీలు వంగే కోణాలు, బరువు ఏ కాలి మీద పడుతోంది, అవన్నీ. ఓపిగ్గా వినేవాడు. తర్వాత తనది చెప్పేవాడు. "అలిసినోడు కాళ్లు ఈడ్సుకుంట ఎక్కుతడు గని ఆగడు. సీటు కావాలె వానికి. దమ్ము ఆడనోడు మెట్టు మీద ఆగుతడు. కాని ఆగినట్టు కనవడద్దు గద? అందుకే ఏదో ఒక పని పెట్టుకుంటడు. జేబుల ఫోన్ దేవులాడుతడు, చెప్పు సర్దుకుంటడు, ఎనకకు తిరిగి ఎవన్నో పిలుస్తడు. ఆ పని ఉత్తదని నీకు ఎరుకైతె సాలు." ఈ మాట మా ప్రొఫెసరు ఎప్పుడూ చెప్పలేదు. నేనది నోట్సులో రాసుకుని, కింద రెండు గీతలు గీశాను.

ఇక మిగిలింది రాయాలి. ఇంతసేపూ నవ్వులాటగా రాసుకొచ్చింది దీన్ని వాయిదా వెయ్యడానికేనని నాకు తెలుసు.

రెండు వేల ఇరవై నాలుగు మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. నాన్న ఆఫీసులో మర్చిపోయిన మందుల సంచీ ఇవ్వడానికి కాకా మా ఇంటికి వచ్చాడు. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నేను తలుపు తీసి పైన నిలబడ్డాను. మొదటి అంతస్తు మలుపులో అమ్మ పెంచే కరివేపాకు కుండీ ఉంది. కాకా అక్కడ ఆగాడు. కుండీ వైపు వంగి, ఆకు ఒకటి తుంచి, నలిపి, వాసన చూశాడు.

"అబ్బ, ఎంత మంచిగ పెట్టింది చెట్టు! ఏం ఎరువేస్తరు?" అన్నాడు.

ఏం ఎరువేస్తారో చెప్పబోయి ఆగిపోయాను. ఆయన ఇంకో ఆకు తుంచాడు. ఒక చెయ్యి గోడకి ఆనించి ఉంది. మఫ్లరు కింద మెడ దగ్గర గుంట లోపలికి పోయి వస్తోంది. నాకు తెలిసింది. మూడేళ్లు ఆయనే నేర్పాడు, తెలియకుండా ఎలా ఉంటుంది?

"కాకా, దమ్మొస్తోందా?"

"ముసలోన్ని అయితున్న బిడ్డా."

"ఎన్నాళ్ల నుంచి? ఎక్కడైనా చూపించుకున్నావా?"

"ఇగ సూపిచ్చుకునేది ఏంది? మొన్ననే వీసా మెడికల్ అయింది. నెత్తురు తీసుకున్నరు, గుండె ఫోటో తీసిండ్రు. ఫిట్ అని కొట్టిండ్రు." జేబులోంచి ఫోను తీసి, ఆ కాగితం ఫోటో కూడా చూపించాడు. క్యాంపులో అందరూ పడే పొరపాటే అది. వీసా పొడిగించడానికి చేసే ఆ పరీక్ష అంటురోగాలు ఉన్నాయా లేవా అని చూడ్డానికి. ఆ ఎక్స్‌రే ఊపిరితిత్తుల్లో క్షయ మచ్చల కోసం. గుండె ఎలా కొట్టుకుంటోందో, దాని నాళాలు ఎలా ఉన్నాయో అందులో ఎవరూ చూడరు. ఫిట్ అని రాస్తే ఒళ్లంతా బాగున్నట్టేనని వాళ్లనుకుంటారు. ఇంతమందికి ఇన్నేళ్లు క్లినిక్కు దారి చూపిన మనిషి కూడా అలాగే అనుకున్నాడు.

నాకు మాత్రం తెలుసు. ఆ పరీక్షలో ఏముంటుందో, ఏముండదో నాకు తెలుసు. "అది వేరే పరీక్ష కాకా, దాంతో గుండె సంగతి తెలియదు, రేపు నాతో రా" అని రెండు వాక్యాలు చెప్పాలి. చెప్పలేదు. మర్నాడు నాకు కెమిస్ట్రీ పరీక్ష. మూడుసార్లు వాయిదా వేసుకున్న పాఠం, అది పోతే ఏ పీఏ కాలేజీ నా ఫారం చూడదు. లోపల బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. ఫ్యాను గాలికి పేజీలు ఎగిరిపోతున్నాయేమోనని నేను ఒకసారి వెనక్కి కూడా చూశాను. మళ్లీ తిరిగేసరికి ఆయన మిగిలిన మెట్లు ఎక్కి వచ్చేసి, సంచీ నా చేతికిస్తున్నాడు.

"మరి ఏం గాదంటవా?" అన్నాడు నవ్వుతూ.

"సరే కాకా. పరీక్షలయ్యాక ఒకసారి వెళ్దాం" అన్నాను.

ఆ సరే ఏమిటో, దేనికన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన్ని తొందరగా పంపించెయ్యడానికే అన్నాను. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ అదే నిజం.

పదకొండో రోజు సాయంత్రం సైటు గేటు దగ్గర ఆయన పోయాడు. బండి ఎప్పటిలాగే గేటు ముందు పెట్టి, ఏసీ వేసి, సీట్లో కూర్చుని ఉన్నాడు. మనుషులు పని దిగి వచ్చి ఒకరి వెనక ఒకరు ఎక్కారు. తల కాస్త కిటికీ వైపు వాల్చి ఉంటే కునుకు తీస్తున్నాడనుకున్నారట. ఇరవై మందికి పైగా ఎక్కాక, రెండు మెట్లోడు యల్లా అన్నా, ఇగ పోదాం అని భుజం తట్టాడు. అప్పుడు తెలిసింది. నాన్న ఫోనులో ఈ మాట చెప్తూ మధ్యలో ఆపేశాడు.

అప్పుడొక సంగతి తట్టింది. పందొమ్మిదేళ్లు ఆయన బస్సెక్కడం ఎవరూ చూడలేదు. అందరికంటే ముందే వచ్చి తన తలుపు నుంచి ఎక్కి కూర్చునేవాడు, అందరూ దిగాక దిగేవాడు. ఆయన మెట్లెక్కుతుంటే చూసిన మనిషిని, అది కూడా చూడ్డం తెలిసి చూసిన మనిషిని, బహుశా నేనొక్కదాన్నే. కెమిస్ట్రీలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

కాగితాలన్నీ పూర్తయి ఆయన్ని ఊరికి పంపడానికి తొమ్మిది రోజులు పట్టింది. నాన్న ఆ తొమ్మిది రోజులూ కార్యాలయాల చుట్టూ తిరిగాడు, చెప్పులు మానేసి బూట్లు వేసుకుని. నేను క్లాసులకి వెళ్లలేదు. పుస్తకం తెరిస్తే ఒళ్లు మండేది. బయాలజీ చదివి ఉంటే నాకేమీ కనిపించేది కాదు, ఇంత బాధా ఉండేది కాదు అని కూడా ఒక పూట అనుకున్నాను. ఆ కోర్సే మానేస్తానని అమ్మతో అన్నాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసింది.

ఊళ్లో కార్యక్రమాలన్నీ అయిపోయాక, ఒక సాయంత్రం కాకా భార్య నాన్నకి ఫోను చేసింది. నాన్నతో రెండు మాటలు మాట్లాడి, సదువుల బిడ్డకు ఇయ్యండి అందట. నాన్న ఫోను నా చేతిలో పెట్టాడు. నేను ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు. కాకా భార్య కాబట్టి చిన్నమ్మా అన్నాను. ఆ పిలుపుకే ఆవిడ ఏడ్చింది. కాసేపటికి తేరుకుంది.

"నీ ముచ్చట రోజు చెప్పేటోడు బిడ్డా. మీ నాయినది చెప్పు ఊడింది గూడ చెప్పిండు."

"ఊఁ."

"ఒక్కటి అడుగుత. నెల దినాల సంది ఫోన్ల మాట్లాడుతుంటె దమ్ము తీసేటోడు. నాకు ఇనవడేది. దవఖానకు పో, పో అని లొల్లి పెట్టిన. పోలేదు. ఒక ఐతారం నాడు తనే ఫోన్ చేసిండు. 'ఇగ నీ లొల్లి ఆపు, మా బిడ్డకు సూపిచ్చుకున్న. మెట్ల కాడ మొత్తం సూసింది, ఏం గాదన్నది' అన్నడు. నిజంగనే నీకు సూపిచ్చుకున్నడా, నా నోరు మూపియ్యనీకి అన్నడా?"

ఆయన అబద్ధమాడలేదు. మనుషుల నోటి మాట పందొమ్మిదేళ్లు నమ్మనివాడు నా నోటి మాట నమ్మాడు. ఆ ఆదివారం మెట్ల దగ్గర నేనన్న సరేని ఆయన అలా తీసుకున్నాడు, తీసుకుని ఇంటికి ఫోను చేశాడు. నాన్న నా ముఖమే చూస్తున్నాడు. లేదు చిన్నమ్మా అంటే ఆయన పెళ్లాంతో అబద్ధమాడి పోయినవాడవుతాడు. అవునంటే నేను ఏమవుతానో నాకు తెలుసు.

"చూపించుకున్నాడు చిన్నమ్మా. నేనే చూశాను. ఏం కాదని నేనే అన్నాను."

చెప్తూనే ఏడ్చేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"నిన్ను అనుటానికి అడుగలే బిడ్డా, ఏడ్వకు. నెల దినాలు నాకు కంటి మీద కునుకు లేకుండె. నువ్వు సూసినవని చెప్పిన కాన్నుంచి పదకొండు రోజులు నిమ్మలంగ నిద్రపోయిన. గది చెప్పుదామనే చేసిన. నీ కడుపు సల్లగుండ."